నాలుగు నిమిషాల విమానం

కరణ్‌కోట,
ఆదివారం.

తమ్ముడు నర్సింలుకు బాలమణి అక్క దీవెనలు.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. ఫోన్ చేస్తే మధ్యలో అడ్డం మాట్లాడతావు, అందుకే కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మ్యాన్ చదువుకున్నా నాకేం సిగ్గు లేదు.

నిన్న నీ బిడ్డ తొట్టెల పండుగకని పొద్దున ఏడింటికే బయలుదేరాను. తాండూరు దాటగానే నాపరాళ్ల లారీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. బస్సు రెండు గంటలు కదల్లేదు. నేను వికారాబాద్‌లో మీ గుమ్మం తొక్కేసరికి పాప చెవిలో పేరు చెప్పడం అయిపోయింది. మేనత్తను నేనుండగా, మరదలు జ్యోతిరాణి వాళ్ల అక్కతో చెప్పించావు!

పైగా అందరి ముందు ఫోన్ చూసి, "అక్కా, తాండూరు నుంచి గీడికి విమానంల నాలుగు నిమిషాలే అంట. నీకు నాలుగు గంటలెట్ల పట్టింది?" అని నవ్వావు. విమానం దిగడానికి మన రెండు ఊళ్లలో జాగా ఎక్కడుందిరా? లేని విమానం లెక్క చూసిన ఆ ఫోన్‌లోనే "అక్కా, యాడున్నవ్?" అని ఒక్క మాట అడగలేకపోయావా?

మరదలికి నడుము నొప్పి తగ్గిందా? నేను కుట్టిన కుల్లాయి పాప తలకు సరిపోయిందా? నా గొడుగు మీ తలుపు వెనక మరిచాను. వచ్చే ఆదివారం గొడుగునూ పాపనూ తీసుకుని ఇద్దరూ రండి. దాని చెవిలో నేను చెప్పేదాకా ఆ పేరుతో పిలవను. అందాకా పాపకు నా ముద్దులు.

తాండూరు కందిపప్పు నాలుగు నిమిషాల్లో ఉడకదు. విమానం ఎక్కే ముందు ఒక్క ఫోన్ కొట్టు.