గట్టులో బుచ్చిగాడి కాపురం

కడియం, మార్చి 3

పార్కు ఇన్‌చార్జి జానకిరామ్ గారికి, కాలవ అవతలి గట్టు నుంచి టీచర్ కృపారాణి వందనాలు.

మీరు పడవలు, మైకులు పెట్టాక మా కాలవలో కొంగలు పోయాయి, నీటికాకులు పోయాయి. మిగిలింది బుచ్చిగాడు ఒక్కడే. మీ టికెట్ల గది కింద గట్టుకి బొక్క తవ్వుకుని, పెళ్ళాంతో, నలుగురు పిల్లలతో కాపురం ఉంటున్నాడు. శుక్రవారం ఆ గట్టుకి రాళ్ళు పేర్చి సిమెంటు చేస్తారట. పిల్లలు లోపలే సమాధి అయిపోతారండి. దయచేసి ఆపించండి.

ఇట్లు,
కృపారాణి

తా.క. మీ మైకు దెబ్బకి వాడు పొద్దుటి నుంచి కాలవలో దూకలేదు. ఇంటిల్లిపాదీ పస్తు.

మార్చి 4

కృపారాణి టీచర్ గారికి జానకిరామ్ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. పదకొండు నెలలుగా ఆ గదిలో కూర్చుంటున్నాను. నా కుర్చీ కింద ఒక సంసారం ఉందని తెలియదండి. వెంటనే పై ఆఫీసుకి రాశాను. బుచ్చి గారి పూర్తి పేరు, ఆధార్ నంబరు పంపగలరు.

భవదీయుడు,
జానకిరామ్

తా.క. అడిగానని ఏమనుకోకండి. టీచరై ఉండి ఆ పిల్లల్ని బళ్ళో ఎందుకు వేయలేదు?

మార్చి 5

జానకిరామ్ గారికి వందనాలు.

బళ్ళో వేయడమేంటండీ. ఇంకా కళ్ళే తెరవలేదు, ఒంటి మీద ఏమీ లేదు. బుచ్చిగాడు చేపని రాయికేసి కొట్టి పచ్చిదే నోట్లో కుక్కుతున్నాడు. ఆధార్ అడుగుతున్నారు, మీకు ఒంట్లో బాగానే ఉందా? శుక్రవారం ఎల్లుండే.

ఆందోళనతో,
కృపారాణి

తా.క. పెళ్ళాం నిరుటిది కాదు. ఈ ఏడు కొత్తది.

మార్చి 10

టీచర్ గారికి, ఇంకా తేరుకోని జానకిరామ్ నమస్కారాలు.

మీ రెండో ఉత్తరం పంపితే పై ఆఫీసు అదిరిపోయి పని ఆపేసింది. గురువారం నేను, మహిళా పోలీసు బేబీ గారు దుప్పట్లు, పాలడబ్బా పట్టుకుని కాలవలో దిగాం. "బుచ్చి గారూ, భయపడకండి, పిల్లల్ని ఇటివ్వండి" అని బొక్కలోకి పిలిచాను. ఎర్ర ముక్కు లకుముకి పిట్ట ఒకటి నా చెవిని రాసుకుంటూ పోయింది. మాది మెట్ట ఊరు. లకుముకిని మీరు బుచ్చిగాడంటారని నాకెవరు చెప్పారండి? బేబీ గారు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

టార్చి వేస్తే లోపల నాలుగు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. సిగ్గేసింది. ఆ నోటి దగ్గర కూడు తీసింది నా మైకే. ఆపించేశాను.

ఇప్పుడు పిట్ట అని రాస్తే మర్నాడే రాళ్ళు పడతాయి. అందుకని "ఖాళీ చేయించడానికి వెళ్ళాం, ఇంటి యజమాని చేపల వేటకి వెళ్ళారు" అని రాశాను. పిల్లలు ఎగిరేదాకా ఆయన ఇంటికి రారు.

మీ విధేయుడు,
జానకిరామ్

తా.క. నోటీసు అందినట్టు యజమాని సంతకం కావాలన్నారు. కాగితం బొక్క ముందు పెట్టాను. బుచ్చి గారు పైనుంచి రెట్ట వేశారు. అదే పంపాను. వేలిముద్ర సరిపోయిందని జవాబొచ్చింది.