మోటరు వణుకు ఆగింది

సైదాబాద్, 8-6-1986

బాపుకు, అమ్మకు దండాలు. నేను బాగున్నాను.

నా ఉద్యోగం నిలిచేలా లేదని విని, చెల్లె నీలమ్మను బడి మాన్పిస్తానని రాయించావు బాపూ. తొందరపడకు.

చిన్న కంప్యూటర్ చిప్పుతో ఒక మోటరును అడుగడుగుగా తిప్పడం నాకిచ్చిన పని. అది తిరగకుండా వణికేది. తోటి పనివాడు ప్రకాశం, "మోటరుకు చలిజ్వరమొచ్చింది, గోలీ ఎయ్యక్కా" అని నవ్వేవాడు. శనివారంలోగా తిప్పకపోతే పని మానమన్నారు మా సారు.

మోటరు జుమేరాత్ బజారులో కొన్న పాతది. దాని తీగల రంగులు పుస్తకంతో కలవవు, నేనేమో పుస్తకంలోని రంగులు నమ్మి తీగలు కలిపాను. నిన్న రంగులు వదిలేసి, రెండేసి తీగలు ముడివేస్తూ ఇరుసును వేళ్లతో తిప్పి చూశాను. మోటరు లోపల ఒకే చుట్టకు చెందిన రెండు తీగలు కలిస్తే ఇరుసు బిగుస్తుంది. అలా జతలు తెలుసుకుని మళ్లీ కలిపి, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచాను. నున్నగా తిరిగింది. "ఉద్యోగం ఖాయమమ్మా, పెద్ద మెషిన్ కూడా నువ్వే చూడు" అన్నారు సారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? నా పుస్తకాల పెట్టె ఇల్లు కురిసే చోటు నుంచి జరపండి.

బడి తెరవగానే నీలమ్మను ఏడో తరగతికి పంపు బాపూ. ఖర్చు నాది.

నీలమ్మా, నీకు దీవెనలు. పై మాట బాపుకు గట్టిగా చదివి వినిపించు, ఆయన సరే అనేదాకా.

మీ బిడ్డ
మాణిక్యమ్మ