ఏడో నంబరు నీలి చెప్పుల గురించి

తాడేపల్లిగూడెం,
19-05-2021.

టీకాల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, ఏలూరు.

అయ్యా,

విషయం: మా వార్డు టీకా కేంద్రంలో రెండో డోసు టోకెన్ల జారీయందు జరుగుచున్నదని నాకు రూఢిగా తోచిన అక్రమం – ఏడో నంబరు గుండ్రంలో ప్రతిదినం కనబడు నీలి పట్టీల చెప్పుల యజమానిపై విచారణ కోరుట – గురించి.

నేను, పి. హనుమంతరావు, వయసు 66, ఆర్టీసీలో టికెట్ల తనిఖీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడిని. నా భార్య ఆండాళ్ళు, వయసు 61, కిడ్నీ రోగి. మంగళవారం, శనివారం ఏలూరు తీసుకువెళ్ళి డయాలసిస్ చేయించాలి. మొదటి డోసు ఏప్రిల్ 9న పడింది. రెండోది మే 7న పడాలి. ఇవాళ్టికి పన్నెండు రోజులు దాటిపోయింది. ఆమె పక్క మంచం మీద ఉండే చింతలపూడి ఆవిడ పోయిన శనివారం రాలేదు. ఏమైందని అక్కడి నర్సుని అడిగితే దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. కావున ఈ అర్జీని ఫైల్లో కింద పెట్టవద్దని ముందే మనవి.

నా ఫిర్యాదులు:

1. మొదట నేను చట్టప్రకారం ఫోనులోనే అపాయింట్‌మెంటు తీసుకున్నాను. తాడేపల్లిగూడెం వాళ్ళమైన మాకు కొల్లేరు నడుమ ఒక లంక గ్రామంలో ఇచ్చారు. వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. పన్నెండుకి కర్ఫ్యూ, బస్సులు బంద్. ఆ లంకకు పడవ నడిపే సత్యానందం అనే ఆయన నంబరు సంపాదించి ఫోను చేస్తే, వాళ్ళ ఊరి పెద్దవాళ్ళకేమో తాడేపల్లిగూడెంలో ఇచ్చారని చెప్పాడు. ఇది పొరపాటున జరిగిందంటే నేను నమ్మను. ఎవరో కూర్చుని కలిపిన పేకలాగా ఉంది.

2. ఆ తర్వాత మా వార్డు కేంద్రానికి వెళ్ళితిని. అక్కడ ఫోను అపాయింట్‌మెంటు చెల్లదట, టోకెను కావాలట. పాఠశాల ఆవరణలో దూరం పాటించడానికి సున్నంతో గుండ్రాలు గీసి నంబర్లు వేశారు. ఉదయం ఆరింటికి గేటు తీయగానే జనం పరుగెత్తి వెళ్ళి గుండ్రంలో చెప్పులు విడిచి, వరండా నీడన కూర్చుంటారు. తొమ్మిదింటికి ఏ గుండ్రంలో చెప్పులుంటే ఆ నంబరు టోకెను. మందు అరవై మందికి. నా చెప్పులు పెట్టి భార్యకు టోకెను తీసుకోవడం నియమవిరుద్ధమని నాకు తోచి, ఆమె చెప్పులే సంచిలో వేసుకుని వెళ్తున్నాను. నా మోకాళ్ళకి పరుగు చేతకాదు. ఐదు రోజులు వెళ్ళాను. దొరికిన నంబర్లు: 64, 61, 72, 66, 61. రెండుసార్లు అరవై ఒకటి అని తమరు గమనించాలి. ఒక్క మనిషి తేడా.

3. ఆ ఒక్క మనిషి ఎవరన్నదే ఈ అర్జీ. గేటు తీయకముందే, ఊచల్లోంచి చూస్తే, అన్ని గుండ్రాలూ ఖాళీగా ఉండగా ఏడో దాంట్లో మాత్రం నీలి పట్టీల హవాయి చెప్పులు ఒక జత ఉంటున్నాయి. ఐదు రోజులూ ఉన్నాయి. (కర్ఫ్యూ ఆరింటి దాకా ఉండగా నేను అంతకుముందే గేటు దగ్గరికి ఎలా చేరితినన్నది ఈ అర్జీకి సంబంధించినది కాదు.) తొమ్మిదింటికి ఏడని మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ లేవరు. ఎనిమిదో నంబరుకి వెళ్ళిపోతారు.

4. బస్సులో మొహాలు అబద్ధమాడతాయి గాని కాళ్ళు ఆడవు. టికెట్ లేనివాడు నన్ను చూడగానే ముందు పాదాలు వెనక్కి లాక్కుంటాడు. ముప్పై రెండేళ్ళు కాళ్ళు చూసి మనుషుల్ని పట్టినవాడిని. సదరు చెప్పులను నేను వంగి పరిశీలించితిని. మడమ దగ్గర కొత్తగా ఉన్నాయి. వేళ్ళ దగ్గర అరిగి పలచబడ్డాయి. అంటే మునివేళ్ళ మీద నక్కి నక్కి తిరిగేవాడు. దళారీ అయి ఉండాలి.

5. ఏడో నంబరు మందు ఏమవుతోందని కేంద్రంలో టీకాలు వేసే నర్సు లిడియా గారిని నిలదీశాను. సీసా తెరిచాక నాలుగు గంటలే ఉంటుందని, మిగిలితే ఊడ్చే ఆవిడకో అంబులెన్సు డ్రైవరుకో వేస్తామని చెప్పింది. నమ్మేటట్టే చెప్పింది. నమ్మేటట్టు చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

6. గేటు తాళం కాపలాదారు నెల్సన్ దగ్గర ఉంటుంది. లోపలి మనిషి చేయి లేకుండా చెప్పులు లోపలికి నడిచి రావు. అతన్ని అడిగితే తల దించుకుని, "నాకు తెలీదండీ. వాటినక్కడ ఉండనివ్వండి సార్" అన్నాడు. తెలియనివాడు ఉండనివ్వమని ఎందుకంటాడు?

7. ఇది ఫిర్యాదు కాదు, అయినా రాస్తున్నాను. నిన్న డయాలసిస్ నుంచి వస్తూ ఆండాళ్ళు, "ఏవండీ, నా చెప్పులకి టీకా పడేటట్టుంది గాని నాకు పడేటట్టు లేదండీ" అని నవ్వింది. నేను నవ్వలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్నేదీ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. నాకు భయంగా ఉంది సార్.

కనుక ఈ ఉదయం సదరు చెప్పులను నేనే స్వాధీనం చేసుకుని, పేపరులో చుట్టి, పురికొసతో కట్టి దీనితో పంపుతున్నాను. యజమానిని గుర్తించి, శిక్షించి, మాకు న్యాయంగా రావలసిన అరవయ్యో చోటు ఇప్పించ ప్రార్థన. సావకాశంగా కాక, అందిన వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పి. హనుమంతరావు

జతపరచినవి:
1. ఆండాళ్ళు ఆధార్ నకలు.
2. నీలి పట్టీల చెప్పులు, ఒక జత (సాక్ష్యం నిమిత్తం).

తా.క.: అంతా కట్టి కవరు అంటించాక, ఈ సాయంత్రం ఒకావిడ మా గేటు అవతల నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. వాళ్ళింట్లో జబ్బు వచ్చిందట, దగ్గరికి రానన్నది. భర్త చెప్పుల కోసం కేంద్రానికి వెళ్తే, అవి నా దగ్గరున్నాయని నెల్సన్ పంపాడట. పేరు జైనబ్. బజారులో దర్జీ మొహిద్దీన్ గారి భార్య.

మొహిద్దీన్ ఇరవై రెండేళ్ళు నా ఖాకీ బట్టలు కుట్టాడు. ఈ నెల 10న, నేనింకా ఆ కేంద్రం మొహం చూడకముందు, ఏడో గుండ్రంలో చెప్పులు విడిచి వరండాలో కూర్చున్నాడు. ఆయాసం వచ్చి ఒరిగిపోతే నెల్సనే ఎత్తి ఆటోలో వేశాడట. అప్పుడు నెల్సన్ చేయి పట్టుకుని, తన చోటు పోనివ్వవద్దని, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పాడట. నెల్సన్ రోజూ రాత్రి చెప్పులు లోపల పెట్టి, పొద్దున్నే మళ్ళీ అదే చోట ఉంచుతూ వచ్చాడు. ఒకరి కోసం చోటు ఆపుతున్నానని నాలాంటివాడికి చెబితే ఉద్యోగం పోతుందని భయపడ్డాడు.

మొహిద్దీన్ 13న ఏలూరు ఆసుపత్రిలో పోయాడు. ఆ సంగతి ఈ సాయంత్రం దాకా నెల్సన్‌కీ తెలియదు.

"ఆసుపత్రివాళ్ళు కళ్ళజోడూ ఫోనూ ఇచ్చారండీ. చెప్పులివ్వలేదు. ఆ ఎండలో వట్టికాళ్ళతో వెళ్ళారేమోనని రోజూ అదే ఆలోచనండీ," అన్నది ఆవిడ.

ఆండాళ్ళు నన్ను అడక్కుండానే కత్తెరతో పురికొస కోసి, చెప్పులు తీసి గేటు మీద పెట్టింది. జైనబ్ ఆ పట్టీల మీది సున్నం కొంగుతో తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ మా సంగతి అడిగి తెలుసుకుని, ఆ ఏడో చోటు అమ్మగారికి ఉంచమని నెల్సన్‌తో తాను చెబుతానన్నది.

చెప్పుల ముందుభాగం అరిగింది కుట్టుమిషను తొక్కడం వల్ల. పేరా 4లో నేను రాసిన మాటలు కొట్టివేయించండి. నా కొలతలు తీసిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. సిగ్గుగా ఉంది. పేరా 6లో నెల్సన్ మీద రాసినది కూడా తీసివేయించండి.

రేపు గేటు తీయకముందే ఏడో గుండ్రంలో ఆండాళ్ళు చెప్పులు ఉంటాయి. అది అక్రమమని నాకు తెలుసు, నేనే రాసి ఇస్తున్నాను. తమకు ఇది అందేసరికి ఆమెకు మందు పడి ఉంటుంది. శిక్ష ఏదైనా నాకే వేయండి, నెల్సన్‌కి వద్దు. ఒక్కటి మాత్రం చేయించండి. టోకెను దగ్గర పేరు రాసుకుని, పేరు పెట్టి పిలిపించండి. మొహిద్దీన్ అని ఒక్కసారి పిలిచి ఉంటే ఆ వరండాలో కూర్చున్నవాళ్ళలో పదిమందికి తెలిసేది, నాతో సహా.

జతపరచినవి (సవరణ):
1. ఆధార్ నకలు.
2. కొట్టివేయడమైనది. ఇంటివారికి చేర్చితిమి.