జమైకాకి లాయరు ఒప్పుకున్నాడా?

ఫ్రిస్కో,
ఫిబ్రవరి, ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు విద్య నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఈ రెండు ముక్కలూ రాయనిదే ఉత్తరం మొదలుపెట్టడం అమ్మ మనకి నేర్పలేదు కాబట్టి రాశాను. మా క్షేమం ఎంత నిజమో కిందికి చదివితే నీకే తెలుస్తుంది.

పరంధామయ్యగారు ప్లేనోలో వాళ్ళమ్మాయి ఇంటికి చేరిన మర్నాడే ఫోన్ చేశారు. నేనే డ్రైవ్ చేసుకుని వెళ్ళి నువ్వు పంపినవి తెచ్చుకున్నాను. గోంగూర పచ్చడి డబ్బా కారలేదు. కందిపొడి పొట్లం మాత్రం ఎయిర్‌పోర్ట్‌లో విప్పి చూసి మళ్ళీ సరిగ్గా కట్టలేదట, పెద్దాయన చొక్కాలన్నీ ఇంగువ వాసన. పాపం ఆయన ఒక్క మాట అనలేదు. వాళ్ళావిడ మాత్రం ఆ చొక్కాలు నాకు చూపించి మరీ నవ్వింది.

సంచీ అడుగున నీ ఉత్తరం ఉంది. అమ్మ పోయాక నువ్వు నాతో సరిగ్గా మాట్లాడిందే లేదు. ఫోన్ చేస్తే బావగారి చేతికి ఇచ్చేస్తావు. అలాంటిది నీ దస్తూరీ కనిపించేసరికి ఇంటికి చేరేదాకా ఆగలేక, దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర కార్ ఆపుకుని చదివాను.

అడిగినవాటికి వరసగా చెప్తాను. ప్రణవి పళ్ళకి క్లిప్పులు వేయించాం, ఇంకో ఏడాది ఉంచాలట. తెలుగు క్లాసుకి వెళ్తోంది, ఒత్తులు రాయమంటే మాత్రం ఏడుపు మొహం పెడుతుంది. నా మోకాలు ఈ చలికి పట్టేస్తోంది. నువ్వు మునుపెప్పుడో చెప్పిన నూనె రాస్తున్నాను, కాస్త నయం.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. మార్చిలో మేం జమైకా వెళ్తున్నామని ప్రణవి మీ పిల్లలకి వీడియో కాల్‌లో చెప్పిందని రాశావు. దాని కింద, "ఈసారి లాయరు ఒప్పుకున్నాడా?" అని రాసి వదిలేశావు. సంతకం కూడా పెట్టలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది అక్కా, దాచుకోవడం దేనికి. అమ్మ చావుకి రాలేక ఏడ్చినదాన్ని ఇంకా పొడుస్తోందే ఈవిడ, అనుకున్నాను. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది, ఇప్పుడు దేశం దాటితే తిరిగి రానివ్వకపోవచ్చు, లాయరు కదలొద్దన్నాడు అని మీ మరిదిగారు నాకు చెప్పారు, నేను నీకు చెప్పాను. ఇక్కడ మా అందరి ఇళ్ళలోనూ ఇదే వరస. లాయరు వద్దన్నాడంటే చెల్లెలి పెళ్ళైనా ఫోన్‌లోనే చూస్తాం, తండ్రి పోయినా ఫోన్‌లోనే దణ్ణం పెడతాం. ఎదురు ప్రశ్న వెయ్యం. మొగుడి ఆఫీసు పెట్టిన లాయరు కాబట్టి ఫోన్లన్నీ మొగుడే చేస్తాడు, పెళ్ళానికి ఆ నంబరు కూడా తెలియదు.

జమైకా మాట ఎత్తింది మీ మరిదిగారే. వాళ్ళ ఆఫీసులో కిరణ్‌కుమార్, అతని భార్య అంకిత స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి పిల్లలతో వెళ్తున్నారు, మనమూ వెళ్దాం అన్నారు. డల్లాస్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉందట, రిసార్ట్‌లో తిండీతిప్పలన్నీ వాళ్ళే చూస్తారట. అది వేరే దేశం కదండీ అన్నాను. "ఇప్పుడు రూల్స్ మారాయి, లాయర్ ఓకే అన్నాడు" అని ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా చెప్పారు. నేను నమ్మాను. నమ్మడమేమిటి, ఎగిరి గంతేశాను. ప్రణవికి ఈత బట్టలు కొన్నాను. సముద్రం నీళ్ళలో నుంచుంటే మోకాలికి మంచిదని కూడా అనుకున్నాను, చూడు నా తెలివి.

నీ ఉత్తరం చదివాక నీకు గట్టి జవాబు ఇవ్వాలనిపించింది. రూల్స్ ఫలానా నెలలో మారాయి, అప్పుడు నిజంగానే వీలు లేదు, అని రాసి నీ నోరు మూయించాలనుకున్నాను. అందుకోసమే లాయరు ఆఫీసుకి మొదటిసారి నేనే ఫోన్ చేశాను. నంబరు అంకిత ఇచ్చింది, వాళ్ళకీ ఆ లాయరే.

ఫోన్ తీసింది మన తెలుగమ్మాయే, పేరు హాసిని అంది. మా వివరాలు చెప్పి, ప్రయాణాల రూల్స్ ఎప్పుడు మారాయమ్మా అని అడిగాను. ఏమీ మారలేదు మేడమ్ అంది. మా ఇద్దరికీ దేశం దాటి వెళ్ళిరావడానికి అనుమతి, అమ్మ పోయిన ఏడాది జనవరిలోనే వచ్చిందట. చక్రపాణి సార్‌కి అప్పుడే చెప్పాం, కార్డులు కూడా ఆయనే వచ్చి తీసుకెళ్ళారు అంది. ఆ మీదట నేను అడక్కుండానే ఇంకో మాట చెప్పింది.

"జూలైలో కూడా సార్ కాల్ చేశారు మేడమ్. వైఫ్ వాళ్ళ మదర్‌కి సీరియస్‌గా ఉంది, పంపించొచ్చా అని అడిగారు. ఏ ప్రాబ్లమ్ లేదు, వెంటనే పంపించమన్నాం. మీరు వెళ్ళొచ్చారు కదా?"

వెళ్ళొచ్చాను అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ పిల్ల దగ్గర పరువు పోతుందనిపించింది.

జూలై అక్కా. అమ్మ ఆసుపత్రిలో చేరిన నెల. ఆగస్టు దాకా తెలివిలోనే ఉంది కదా. నేను ఇక్కడ సూట్‌కేస్ సర్ది, విప్పి, మళ్ళీ సర్ది, లాయరు ఏమన్నాడండీ అని రోజూ ఈయన వెనకాలే తిరుగుతుంటే, ఏం తెలియనట్టు తల అడ్డంగా ఊపిన మనిషి.

ఆ సాయంత్రం ప్రణవిని డ్యాన్స్ క్లాసులో దింపి వచ్చి అడిగాను. ముందు ఆ అమ్మాయికేం తెలుసు అని బుకాయించారు. తర్వాత నా మీద కోప్పడ్డారు, తనకి చెప్పకుండా లాయరుకి ఎందుకు ఫోన్ చేశావని. నేను కదలకుండా అలాగే నుంచునేసరికి కుర్చీలో కూలబడ్డారు.

"ఆ నెల నా ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది విద్యా. నువ్వు వెళ్తే రెండు నెలలు రావు, ప్రణవిని ఎవరు చూస్తారు? అత్తయ్యగారు కోలుకుంటారనే అనుకున్నాను. డిసెంబర్‌లో అందరం వెళ్దామనుకున్నాను."

"ఆ మాటే నాతో చెప్పొచ్చుగా?"

"నేను వద్దంటే నువ్వు గొడవ చేసైనా వెళ్ళిపోతావు. లాయర్ వద్దన్నాడంటే ఊరుకుంటావని."

ఊరుకున్నాను కదా అక్కా. నువ్వు ఎన్ని మాటలన్నా పడ్డాను, పెద్దనాన్నగారు కూతురివేనా అన్నా పడ్డాను. ఈయన తరఫున చుట్టాలందరికీ సంజాయిషీలు చెప్పుకున్నాను. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి నా అమ్మని నాకు లేకుండా చేసి, పక్కన కూర్చుని నా కళ్ళు తుడిచాడు.

ఇంకొకటి గొంతులో ముల్లులా ఉంది. చివరి వారంలో నువ్వు ఫోన్ పట్టుకుంటే అమ్మ వీడియోలో మాతో మాట్లాడింది చూడు, అప్పుడు ఈయన ముందుకొచ్చి, రూల్స్ అలా ఉన్నాయి అత్తయ్యగారూ, నా చేతుల్లో ఏం లేదు అన్నారు. అమ్మకి ఊపిరే సరిగ్గా అందడం లేదు. అయినా మీరు బాధపడకండి అల్లుడుగారూ అని చెయ్యెత్తి దీవించింది. ఆ దీవెన పుచ్చుకుని ఈయన మీటింగ్‌కి వెళ్ళిపోయారు. నాకు చేసిన మోసం నేనూ ఆయనా తేల్చుకుంటాం. చావుబతుకుల్లో ఉన్న మనిషికి అబద్ధం చెప్పి, ఆవిడ దగ్గరే దీవెన తీసుకోవడానికి మనసెలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడు ఆయన బాధల్లా జమైకా గురించే. టికెట్లు క్యాన్సిల్ కావు, కిరణ్ వాళ్ళు ఏమనుకుంటారు, పిల్ల సరదా పాడుచెయ్యకు, వెళ్ళొచ్చాక నిదానంగా మాట్లాడుకుందాం అంటున్నారు. ఆ బీచ్‌లో ఆయన పక్కన కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతూ ఫోటోలు దిగమంటున్నారన్నమాట.

నేను వెళ్ళడం లేదు. తండ్రీ కూతుళ్ళే వెళ్తారు. నాకు పెద్దమ్మని చూడాలనుంది, అందుకని ఇండియా వెళ్తున్నానని ప్రణవితో చెప్పాను. "నాన్న నాతో స్విమ్ చేస్తాడా మరి?" అని అడిగింది. చేస్తాడన్నాను. నాన్నంటే దానికి ప్రాణం, దానికి నేనేం చెప్పదలుచుకోలేదు.

వాళ్ళు విమానం ఎక్కే రోజే నేనూ ఎక్కుతున్నాను. హైదరాబాద్‌లో దిగి, రైల్లో విజయవాడ వస్తాను, మీరెవరూ ఎదురు రావద్దు. ఫోన్‌లో చెప్తే నువ్వు మధ్యలో పెట్టేస్తావని ఇదంతా రాసి, బుధవారం మీ ఊరు వస్తున్న మా పక్కింటివాళ్ళ అమ్మగారి చేతికి ఇస్తున్నాను. తిట్టాలనుంటే వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టు. అమ్మ నా గురించి ఏమేం అడిగిందో కూడా చెప్పు. ఇన్నాళ్ళూ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఒక్క సంగతి ఇప్పటిదాకా రాయకుండా దాచాను. నేను రిటర్న్ టికెట్ తీసుకోలేదు. ఎప్పుడొస్తావని ఈయన అడిగితే, లాయర్‌ని కనుక్కుని చెప్తానన్నాను. పిల్ల కోసమైనా తిరిగొస్తానని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ ధీమాయే నన్ను కాల్చేస్తోంది. బావగారు కూడా ఈయనకి నచ్చజెప్పే పని పెట్టుకోవద్దని చెప్పు. ఎప్పుడొస్తానో తెలియకుండా అమ్మ నా కోసం చూసినట్టు, కొన్నాళ్ళు ఆయనా చూడనీ.

ఇట్లు,
నీ చెల్లెలు
విద్య