పాత నంబరు పోనివ్వకండి

ఏమండీ, డ్యూటీ నుంచి రాగానే పడుకోకండి. మన ఫోన్ మూగబోయింది. గడువు నిన్నటితో అయిపోయిందట, ఇక కాల్స్ రావు, పోవు. ఊళ్ళో చెల్లికి నెలలు నిండాయి. దాని దగ్గరున్నది ఈ ఒక్క నంబరే.

ఫోన్ బల్ల మీద పెట్టాను. మూల మీది దుకాణానికి వెళ్ళి, ఇదే నంబరు ఉంచి వేరే కంపెనీకి మార్చమనండి. కొత్త సిమ్ ఊరికే ఇస్తామంటారు, తీసుకోకండి. పోయినసారి చవగ్గా వస్తోందని మీరు తెచ్చినదాంట్లోంచి మన వాళ్ళకి ఒక్క కాలూ కలవలేదు. మీ మ్యాచ్‌లు మాత్రం చక్కగా వచ్చాయి. ఇక్కణ్ణుంచి మన దేశానికి మాట్లాడాలి, గడువు ఎక్కువుండాలి, అంతే చెప్పండి. భాష రాదని మొహమాటపడకండి. నాకు మాత్రం వచ్చా? పాస్‌పోర్టు మరిచిపోవద్దు, అది లేకపోతే మార్చరట. చెల్లి చేస్తే మీరే ధైర్యం చెప్పండి. నేను పని వదిలి రాలేను.

అన్నం మూతపెట్టి ఉంది, తిని వెళ్ళండి.

ఇది రాశాక మనసాగక ఎదురింటావిడ ఫోన్ అడుక్కుని చెల్లికి చేశాను. దాన్ని ఆసుపత్రిలో చేర్చారు, ఇంకా కాన్పు కాలేదు. పొద్దుట్నుంచీ మనకే చేస్తోందట. "ఎవరో ఆడమనిషి ఎత్తి ఏదో భాషలో మాట్లాడిందే అక్కా! మీ ఇంటి ఓనరేమో అనుకుని, నొప్పులొస్తున్నాయి, అక్కకి చెప్పండమ్మా అని బతిమాలాను. చెప్పిందా?" అని అడిగింది.

అది కంపెనీవాళ్ళ రికార్డు గొంతని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పిందిలే అన్నాను.