చుక్కావుని అమ్మొద్దు

సామ్రాజ్యానికి, నేను బాగానే ఉన్నాను. ఫోను తోటలో నీళ్ల తొట్టిలో పడి పాడైంది, అందుకే ఈ కార్డు.

చుక్కావుని అమ్మేస్తానన్నావు, అమ్మొద్దు. ఎదకొచ్చినప్పుడల్లా, మూడుసార్లు చూలు సూది వేయించినా చూలు నిలవలేదని, ఎద కనిపెట్టడం నీకు చేతకాదని బయల్దేరే ముందు తిట్టాను. నిన్న ఈ రెడ్డిగూడెం తోటకి పశువుల డాక్టరమ్మ వస్తే అడిగాను. ఆవు లోపల గుడ్డు ఎదిగితే చాలదంట. మెదడు నుంచి హార్మోను సమయానికి దిగితేనే, గుడ్డు మీది పొరని కరిగించే ఎంజైములు పుడతాయంట. పొర కరక్కపోతే గుడ్డు బయటపడదు, సూది వేయించినా చూలు నిలవదు.

"చేత్తో లాగితే రాదా అమ్మా?" అన్నాను.

"పండిన మామిడి ముచ్చిక దానంతటదే వదలాలి కదా తాతగారూ, ఇదీ అంతే" అంది.

నలభై ఏళ్లుగా కాయలు కోయిస్తున్న నాకే చెప్పింది. చెప్పింది మాత్రం నిజం. తప్పు నీది కాదు. ఈసారి ఎదకి రాగానే, హార్మోను సూది కూడా అవసరమేమో చూడమని మన అవనిగడ్డ డాక్టర్ని అడుగు.

నీ మోకాలు ఎలా ఉంది? ఆవకాయకి కారం పట్టించావా? కాయలు లారీలో పంపుతాను. ఇక్కడ అన్నం నేనే వండుకుంటున్నాను, రోజూ అడుగంటుతోంది. కోతలు ఇంకా ఇరవై రోజులున్నాయి. పిల్లలు ఫోను చేస్తే నా దీవెనలు చెప్పు.

నేను సందు మలుపు తిరగ్గానే చుక్కావు అరుస్తుంది. ఆ అరుపు విని నువ్వు తలుపు తీస్తావు. అది లేకపోతే నేనొచ్చానని నీకెలా తెలుస్తుంది?

రాఘవయ్య