పళ్ల డాక్టరుగారి అమ్మగారి మోకాలు

ప్రియమైన వదినకి,

మీ మరదలు భయం భయంగా రాస్తున్న ఉత్తరం ఇది. ముందు మీరు కూర్చోండి. ఇంట్లో అందరం కులాసాగానే ఉన్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. కానీ నేనొక ఘోరం చేశాను. పేకాటలో మీ తమ్ముణ్ణి ఓడించాను. అదీ వరసగా ఏడు ఆదివారాలు.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే గది వెనక సిబ్బంది క్లబ్బు ఉంది, మీకు తెలుసుగా. క్లబ్బని పేరే గాని, ఉన్నవల్లా రెండు పాత స్ట్రెచర్లు, ఒక కుంటి బల్ల, నాలుగు కుర్చీలు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ నలుగురు పోకర్ అనే పేకాట ఆడతారు: ఎక్స్‌రేలు తీసే మీ తమ్ముడు, పళ్ల డాక్టరు, స్టోరు గుమాస్తా, అంబులెన్సు డ్రైవరు. డబ్బు ముట్టుకోరు, మందు సీసాల మూతలే పందెం. తలా అయిదు ముక్కలు పంచుకుని, చేతిలో ఏముందో ఎవరికీ తెలియనివ్వకుండా మూతలు ముందుకు తోస్తూ ఒకళ్లనొకళ్లు బెదిరించుకుంటారు. బెదిరినవాడు ముక్కలు పడేస్తాడు, చివరిదాకా నిలబడ్డవాడు మూతలన్నీ ఊడ్చుకుంటాడు. ఇద్దరు నిలబడితే ముక్కలు తిప్పి చూపిస్తారు, పెద్ద ముక్కలున్నవాడిదే గెలుపు. ఏడాది ఆఖరి ఆదివారం సాయంత్రం షిఫ్టు గంట కొట్టేసరికి ఎవరి దగ్గర ఎక్కువ మూతలుంటే వాళ్ల పేరు గోడమీది బోర్డుకెక్కుతుంది. గుమాస్తా పేరు ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కింది. పదకొండేళ్లుగా ఆడుతున్నా మీ తమ్ముడి పేరు ఒక్కసారీ ఎక్కలేదు.

ఆయన శ్రద్ధకి వంక పెట్టలేం. పుస్తకాలు తెప్పించుకున్నారు. ఎక్స్‌రే కవర్ల వెనక ఏ ముక్క ఎప్పుడొస్తుందో లెక్కలు కడతారు. భోజనాల దగ్గర నాకూ పాఠం చెబుతారు. అయినా గెలవరు. ఎందుకు గెలవరో ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. మంచి ముక్కలు పడగానే ఆయనకి లోకం మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. "డాక్టరుగారూ, మీ అమ్మగారి మోకాలు ఎలా ఉందండీ?" అంటారు. అంతే, ముగ్గురూ ఠక్కున ముక్కలు పడేస్తారు. బ్రహ్మాండమైన ముక్కలు చేతిలో పెట్టుకుని ఆయన ముచ్చటగా మూడు మూతలు గెలుచుకుంటారు. ఆ పెద్దావిడ ఆపరేషను చేయించుకుని రెండేళ్లయింది, శుభ్రంగా మెట్లెక్కి దిగుతోంది. ఆయన అడగడం మాత్రం మానలేదు.

ఇందులోకి నేనెలా దిగానంటే, ఒక ఆదివారం స్టోరు తాళాల కోసం గుమాస్తాని వెతుక్కుంటూ వెళ్లాను. అప్పుడే డ్రైవరుకి పిలుపొచ్చి ఆట మధ్యలో పరిగెత్తాడు. "ఊరికే కూర్చో సిస్టరమ్మా, వాడొచ్చేదాకా ముక్కలు పట్టుకుంటే చాలు" అన్నాడు గుమాస్తా. పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పి లావుపాటి సూదులు గుచ్చుతున్న ముఖం నాది. అందులో ఏముందో ఎవడు కనిపెడతాడు? డ్రైవరు తిరిగొచ్చేసరికి బల్ల మీది మూతలన్నీ నా ఒళ్లో ఉన్నాయి. ఆడటం కన్నా చూడటమే బాగుందని కుర్చీ నాకే వదిలేశాడు.

అప్పట్నించీ మీ తమ్ముడు నాతో మరీ మర్యాదగా ఉంటున్నారు వదినా. "ఏమే, మంచినీళ్లు" అనే మనిషి "వీలుంటే కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా" అంటున్నారు. పందొమ్మిదేళ్ల కాపురంలో నన్ను 'మీరు' అనడం ఇదే మొదలు. నాలుగు తిట్టినా బాగుండేది, ఈ మర్యాద భరించలేక ఏడుపొస్తోంది. ఆ బోర్డంటే ఆయనకెంత ఆశో నాకు తెలుసు. ప్రతి ఆదివారం అందరికన్నా ముందెళ్లి దాన్ని గుడ్డపెట్టి తుడిచేది ఆయనే.

వచ్చే ఆదివారమే ఆఖరి ఆట. నేను మానేస్తానంటే "నామీద ఎవరూ జాలి పడక్కర్లేదు" అన్నారు. అందుకని ఒక నిశ్చయానికొచ్చాను. ఆడతాను, ఆడి కావాలని ఓడిపోతాను. లేదంటే ఆ మోకాలి గుట్టు ఆయనకి చెప్పెయ్యనా? ఆయన్ని తల్లిలా పెంచారు, మీరే చెప్పండి.

మీ జవాబు కోసం పోస్టు డబ్బా దగ్గరే నిలబడి ఉండే,
మీ మరదలు


అమ్మాయ్,

నీ ఉత్తరం క్లాసులో చదివి పైకే నవ్వేశాను. లెక్కల టీచరు నవ్వగా చూడటం పిల్లలకి అదే మొదటిసారి. ఇద్దరు భయపడి హోంవర్కు తీసి చూపించారు.

మోకాలి సంగతి ఛస్తే చెప్పకు. అది వాడికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. చిన్నప్పుడు నా కొత్త గొడుగు విరగ్గొట్టి, "అక్కా, నీ తలనొప్పి తగ్గిందా?" అంటూ వచ్చాడు. నాకసలు తలనొప్పే లేదు. కడుపులో ఏదైనా దాచుకున్నప్పుడే వాడికి ఎదుటివాళ్ల ఆరోగ్యం గుర్తొస్తుంది. ఆ సంగతి తెలిసిందంటే సిగ్గుపడిపోయి, ఇక జన్మలో ఎవర్నీ ఎలా ఉన్నావని అడగడు.

ఇక ఓడిపోవడం గురించి. నేనెవరికీ జాలి మార్కులు వెయ్యను. కానీ ఏడాది చివర ఠంచనుగా "ఈసారీ రాలేదక్కా" అని వాడి దగ్గర్నించి కార్డొస్తుంది. పదకొండు చదివాను, పన్నెండోది చదివే ఓపిక లేదు. ఓడిపో. అనుమానం రాకుండా మాత్రం చూసుకో.

నీ వదిన


ప్రియమైన వదినకి,

ఓడిపోయాను! స్వీట్లు పంచాలన్నంత సంతోషంగా ఉంది.

షిఫ్టు గంటకి అయిదు నిమిషాలుందనగా ఆఖరి పంపకం. గుమాస్తా అప్పటికే మూతలన్నీ పోగొట్టుకుని, డ్రైవరు పక్కన స్ట్రెచరెక్కి కూర్చున్నాడు. మిగిలింది పళ్ల డాక్టరు, మీ తమ్ముడు, నేను. ముక్కలు విప్పి చూసుకుంటే నాకు మూడు రాణులు. ఓడిపోదామని కూర్చున్న రోజునే రావాలా అవి? పడేద్దామంటే, బల్ల మధ్య గుట్ట పెరిగితేగాని ఆయన పేరు బోర్డుకెక్కదు. అందుకని గుండె రాయి చేసుకుని నేనూ మూతలు తోస్తూ పోయాను. ముగ్గురివీ కలిసి గుట్టయ్యాయి. ఆ గుట్ట ఎవరిదైతే బోర్డు వాళ్లదే.

అప్పుడు మీ తమ్ముడు వెనక్కి వాలి, కళ్లజోడు సర్దుకుని, ఎంతో ఆపేక్షగా అడిగారు. "డాక్టరుగారూ, మీ అమ్మగారి మోకాలు..."

"అమ్మకేం, దివ్యంగా ఉందండీ. నా పనే బాగాలేదు" అని డాక్టరు ముక్కలు విసిరికొట్టాడు.

నేనూ పెద్దగా నిట్టూర్చి "నా దగ్గరా ఏం లేవు" అంటూ రాణుల్ని బోర్లా పడేశాను. గంట కొట్టారు. ఆయన గంతులేస్తారనుకున్నాను గాని, పాపం, ముక్కలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. అంత సంతోషం మరి. మంచాల మీద నంబర్లు రాసే పెయింటరొచ్చి ఆయన పేరు ఎర్ర రంగుతో రాశాడు. ఇంటికొస్తుంటే "ఏమే, గొడుగు తెచ్చావా?" అన్నారు. ఆ 'ఏమే' చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది వదినా.

నా రాణుల సంగతి ఈ లోకంలో మీకూ నాకూ తప్ప తెలియదు. నా ముఖం అలాంటిది మరి.

ఓడి గెలిచిన,
మీ మరదలు


అక్కకి,

ఈసారి కార్డు కాదు, కవరే రాస్తున్నాను. బోర్డు మీద నా పేరు పడింది. నీ మరదలు ఈపాటికి రాసే ఉంటుంది. తను రాయని సంగతులు నేను రాస్తున్నాను, నీ ఒక్కదానికే.

తను కావాలని ఓడిపోయింది. ముక్కలు పోగుచేస్తూ చూశాను, మూడు రాణులు. తన ముఖంలో ఏమీ కనపడదని తన ధీమా. నిజమే, ముఖంలో కనపడదు. కానీ నేను ముఖాలు చూసేవాణ్ణి కాదుగా, నా ఉద్యోగం ఎముకలతో. ఇరవై ఏళ్లు వార్డులో రోగుల్ని ఎత్తీ దించీ తన నడుం పాడైపోయింది. ఎవరికీ చెప్పదు, నాకు కూడా. కుర్చీలో ఎడమపక్కకి ఒరిగి కూర్చుంటుంది. మంచి ముక్కలు పడ్డాయో, నొప్పి మర్చిపోయి, డ్రిల్లు మాస్టారు కేకేసినట్టు నిటారుగా అయిపోతుంది.

మొదటి ఆదివారం నేను నిజంగానే ఓడాను, నిజంగానే ఉడుక్కున్నాను. రెండో ఆదివారం ఇది కనిపెట్టాను. ఇక తను నిటారైనప్పుడల్లా, నా ముక్కలెలా ఉన్నా పడేస్తూ వచ్చాను. గెలిచిన సాయంత్రాలు మా మేడమెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కేది అక్కా. అది చూసి ఇంట్లో నోరు తెరిస్తే ఎక్కడ బయటపడిపోతానో అని, 'మీరూ గారూ' అంటూ ఎడంగా తిరిగాను.

ఆఖరి పందెం కూడా తనకే వదిలేద్దామనుకున్నాను. కానీ నా చేతిలో ఏమున్నాయో తెలుసా? మూడు ఆసులు. పదకొండేళ్లలో మొదటిసారి. ఒక్క క్షణం కళ్లారా చూసుకుని పడేద్దామనుకునేలోగా తను రాణుల్ని పడేసింది. ఆసుల ముందు రాణులు నిలవవు. అంటే ముక్కలు తిప్పి చూపించి ఉంటే న్యాయంగా, ఎవరి దయా లేకుండా గెలుపు నాదే. జీవితంలో ఒక్కసారి అసలు సిసలు గెలుపొస్తే, దాన్ని చెప్పుకునే యోగం లేదు చూడు. చెబితే నన్ను గెలిపించానన్న తన సంతోషం కాస్తా పోతుంది. నేను బయటపడతానని నువ్వేం భయపడకు. నా ముఖం చూసి ఇంతవరకు ఎవరూ ఏమీ పసిగట్టలేదు.

అయితే రాణుల్ని పడేసిన మరుక్షణం తన నడుం మళ్లీ ఎడమకి ఒరిగిపోయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నాకు అదే కనపడుతోంది. ఆ బోర్డు మీద నా కోరిక అక్కడితో సగం చచ్చిపోయింది. నిన్న "మిషను బాగుచేశారు, పరీక్షించాలి, ఒక మనిషి కావాలి" అని అబద్ధమాడి తనని బల్లమీద పడుకోబెట్టి నడుం ఎక్స్‌రే తీశాను. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటూనే ఉంది. ఫిల్ము చూసి పెద్ద డాక్టరు, ఇక బరువులెత్తడానికి వీల్లేదని, వార్డు నించి టీకాల గదికి మార్చమని రాసిచ్చాడు.

ఆ కాగితం చదువుకుని, బల్లమీద కూర్చునే దాన్ని మడిచి నా చేతికిచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. చెయ్యి చాపి అంది: "ఒకసారి చెయ్యివ్వండి, లేవలేకపోతున్నాను."

పందొమ్మిదేళ్లలో తను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి అక్కా. రెండు చేతులూ ఇచ్చాను.

నీ తమ్ముడు